వారానికి మూడుసార్లు ఆసుపత్రి, అయినా నవ్వే మనుషులు

డయాలసిస్ మీద ఉన్న మనిషి మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. ఏడాదికి లెక్కేస్తే 156 సార్లు, 624 గంటలు. కనిగిరి అవతల పల్లె నుంచి తెల్లారకముందే బయల్దేరిన టైము, బెడ్డు ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్న టైము, ఇంటికొచ్చాక ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన సాయంత్రం ఈ లెక్కలోకి రావు. పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. చాలా రకాల క్యాన్సర్లలో కీమోథెరపీ 21 రోజులకోసారి. పక్షవాతం వచ్చినవాళ్లకు నెలల తరబడి ఫిజియోథెరపీ. వీళ్లందరికీ ఆసుపత్రి ఎప్పుడో ఒకసారి వచ్చిపడే ఆపద కాదు, క్యాలెండర్‌ని ఆక్రమించేసిన పని.

ఇలాంటి మనిషిని పరామర్శించడానికి వచ్చేవాళ్లు కవర్లో అరటిపళ్లు, రెండు కొబ్బరిబోండాలు తెస్తారు. కిడ్నీ పనిచేయని మనిషికి ఈ రెండూ మంచివి కావు. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. వాటితో పాటు ఒక సలహా కూడా తెస్తారు: ‘ధైర్యంగా ఉండాల, నవ్వుతా ఉండాల, మనసు బాగుంటే సగం జబ్బు దానంతటదే పోద్ది.’ పళ్లయితే పక్కింటి పిల్లలకు ఇచ్చేయొచ్చు. సలహాను ఎవరికివ్వాలో తెలియదు.

ఆ మాటలో ప్రేమ ఉంది, అనుమానం లేదు. నిజం ఎంత ఉందన్నది వేరే సంగతి. 2007లో జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు తల, మెడ క్యాన్సర్లు ఉన్న వెయ్యి మందికి పైగా రోగుల వివరాలు తీసి, మనసు కులాసాగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారా అని చూశారు. అలాంటి తేడా ఏమీ కనపడలేదు. క్యాన్సర్ రోగుల మానసిక స్థితి మీద పని చేయడాన్ని ఒక వైద్య విభాగంగా నిలబెట్టిన న్యూయార్క్ డాక్టర్ జిమ్మీ హాలండ్ అయితే ఈ ‘పాజిటివ్‌గా ఉండు’ అనే ఒత్తిడిని ఒక దౌర్జన్యం అనే అన్నారు. ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. నవ్వితే జబ్బు తగ్గుతుందని నమ్మించిన చోట, స్కాన్ బాగా రాకపోతే తప్పు రోగి మీద పడుతుంది. ‘నువ్వు దిగులు పెట్టుకోబట్టే ఇట్టా అయింది’ అని ఇంట్లోవాళ్లు పైకి అనకపోయినా, పడుకున్న మనిషికి వినపడుతూనే ఉంటుంది.

అంత మాత్రాన మనసు ఎలా ఉన్నా ఒకటేనని కాదు. దిగులు ముదిరితే మనిషి డయాలసిస్‌కు ఒక పూట ఎగ్గొడతాడు, మాత్రలు సగం మింగి సగం పారేస్తాడు, ఫిజియోథెరపీ రేపు చూద్దాంలే అంటాడు. నష్టం ఈ దారిలో వస్తుంది. అసలు కులాసాగా ఉండటానికి వైద్యపరమైన కారణం చూపించాల్సిన అవసరమూ లేదు. ఏడాదిలో 156 రోజులు ఒకచోట గడపాల్సి వచ్చినప్పుడు, ఆ రోజులు నరకంలా లేకుండా ఉండాలని కోరుకోవడానికి ఇంకో కారణం ఎందుకు?

ఏళ్ల తరబడి వైద్యం నడుస్తున్నా నవ్వుతూ ఉండేవాళ్లు నెల్లూరులో, ఒంగోలులో ఏ డయాలసిస్ యూనిట్‌కు పోయినా ఒకరిద్దరు కనపడతారు. వాళ్లది పుట్టుకతో వచ్చిన ధైర్యమని అందరూ అనుకుంటారు. కాస్త దగ్గర నుంచి చూస్తే ధైర్యం కంటే ఏర్పాట్లు ఎక్కువ కనపడతాయి. ఏ బస్సుకు పోవాలి, సంచిలో ఏం పెట్టుకోవాలి, ఎవరిని తోడు తీసుకెళ్లాలి, సూది నొప్పి తర్వాత ఏం చేయాలి అన్నవి వాళ్లు ఎప్పుడో తేల్చుకుని ఉంటారు. మనసును గట్టిగా పట్టుకోవడం మానేసి, రోజును పట్టుకున్నారన్నమాట.

ఆసుపత్రి రోజులో మనిషిని ఎక్కువ అరగదీసేది సూది కాదు, కాచుకోవడం. ఎనిమిదికి ఓపీ చీటీ రాయించుకుంటారు. తొమ్మిదింటికి రక్తం ఇస్తారు. రిపోర్టు పన్నెండుకని చెబుతారు. పన్నెండున్నరకు రిపోర్టు చేతికొచ్చేసరికి డాక్టరుగారు థియేటర్‌లో ఉంటారు. భోజనానికి పోదామంటే ఈలోపు పేరు పిలుస్తారేమోనని భయం, పోకపోతే షుగర్ పడిపోతుందని భయం. క్యూల మీద 1985లో డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు రాసిన విశ్లేషణ వ్యాపారులకోసం రాసిందే గానీ, ఓపీ హాలుకు అచ్చంగా సరిపోతుంది. ఊరికే కూర్చుంటే టైము సాగుతుంది. ఎంతసేపో తెలియకపోతే ఇంకా సాగుతుంది. ఎందుకు ఆలస్యమో చెప్పకపోయినా, ఒంటరిగా ఉన్నా, గుండెలో టెన్షన్ ఉన్నా అరగంట రెండు గంటలవుతుంది. ఓపీ హాల్లో ఈ ఐదూ ఒకేసారి ఉంటాయి.

వీటిలో కొన్నిటినైనా తగ్గించుకోవచ్చు. ‘సార్ ఎన్నింటికి కూర్చుంటారమ్మా, నేను టిఫిన్ చేసొచ్చే టైముందా?’ అని సిస్టర్‌ను అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. అడిగితే చాలావరకు చెబుతారు. మామూలు రక్తపరీక్షలు ముందురోజే సొంత ఊళ్లో చేయించుకుని రిపోర్టు తీసుకురావచ్చా అని డాక్టరును ఒక్కసారి అడిగి పెట్టుకుంటే, ఒప్పుకున్నచోట ప్రతి విజిట్‌కూ రెండు మూడు గంటలు మిగులుతాయి. ఆదివారం సెలవు తర్వాత వచ్చే సోమవారం ఓపీలు కిటకిటలాడతాయి కాబట్టి వేరే రోజు అడగొచ్చు. డాక్టరు ముందు కూర్చోగానే అన్నీ మర్చిపోవడం అందరికీ జరిగేదే. అడగాల్సిన మూడు ప్రశ్నలు చీటీ మీద రాసి ఫైలు అట్టకు పిన్ను కొట్టుకునేవాళ్లు తిరుగు ప్రయాణంలో ‘అయ్యో, అది అడగలేదే’ అని బాధపడరు. చిన్న విషయమే, కానీ ఆ బాధ వచ్చే విజిట్ దాకా తొలుస్తుంది.

డయాలసిస్‌లో కాచుకోవడం ఇంకో రకం. ఒక చేతికి సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. అయితే రక్తనాళాలను కలిపి చేసే ఫిస్టులాను సాధారణంగా వాటం కాని చేతికే పెడతారు. అంటే కుడివాటం మనిషికి కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. గళ్ళ నుడికట్టు పూరించవచ్చు, వడ్డీ లెక్కలు రాసుకోవచ్చు, మనవరాలి హోంవర్కు ఫోన్లో చూడవచ్చు. ఏసీ హాల్లో, అందులోనూ ఒంట్లో రక్తం బయటికి పోయి వస్తుంటే, చలి పుడుతుంది. మిషన్ మొదలయ్యాక దుప్పటి కోసం ఎవరినో బతిమాలే బదులు ఇంటి దుప్పటి ఒకటి సంచిలో ఉంటే సగం చిరాకు ఉండదు. చార్జర్, ఇయర్‌ఫోన్స్, మందుల చీటీ, దుప్పటి ఎప్పుడూ ఒకే సంచిలో ఉండాలి, ఆ సంచిని ఇంకే పనికీ వాడకూడదు. పాత డయాలసిస్ మనుషులు కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠం తరచుగా ఇదే.

ఇక తిండి, నీళ్లు. నెల్లూరు, ప్రకాశం మనుషులకు కిడ్నీ జబ్బులో అసలు యుద్ధం ఇక్కడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో, ఒంగోలు, నెల్లూరు లాంటి చోట, మూత్రం రాని మనిషికి డాక్టరు ‘రోజంతా కలిపి లీటరు లోపే’ అని గీత గీస్తారు. ఆ లీటరులో మాత్ర మింగిన నీళ్లు, కాఫీ, మజ్జిగ, చారు అన్నీ కలిసే ఉంటాయి. ‘మనసు దిటవు చేసుకో’ అన్న మాట ఇక్కడ అస్సలు పనిచేయదు, ఎందుకంటే దాహం మనసులో పుట్టడం లేదు, ఉప్పులో పుడుతోంది. ఉప్పు లోపలికి పోతే శరీరం నీళ్లు అడిగి తీరుతుంది. కాబట్టి నీళ్ల మీద కాపలా కాయడం కంటే ఉప్పు మీద కాయడం తేలిక. ఊరగాయ, వడియాలు, అప్పడాలు, ఉప్పుచేప, బేకరీ సరుకు తగ్గిన ఇంట్లో దాహం దానంతటదే కొంత దిగుతుంది. పొద్దునే ఆ రోజు కోటా నీళ్లను ఒక సీసాలో పోసి పెట్టుకుని అందులోంచే తాగేవాళ్లున్నారు. కొంత నీటిని ఐసుముక్కలు చేసుకుని ఒక్కోటి చప్పరిస్తే గుక్క తాగినదానికంటే ఎక్కువసేపు నోరు తడిగా ఉంటుంది. పుక్కిలించి ఉమ్మేయడానికి కోటా లేదు. మెడ మీద తడి తువాలు వేసుకుని ఫ్యాను కింద కూర్చోవడానికీ లేదు.

ఇంట్లో అందరూ ఆవకాయ కలుపుకుంటుంటే పక్కన చప్పిడి కూర తింటూ నవ్వమంటే ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడ కుటుంబాలు రెండు రకాలుగా తప్పు చేస్తాయి. ఒకటి, రోగికి వేరే గిన్నె, వేరే పొయ్యి, వేరే టైము పెట్టి మనిషినే వేరు చేయడం. రెండోది, ‘పాపం, ఒక్కసారికి ఏమవుద్ది’ అని చాటుగా పెట్టేయడం. రెండోదానికి లెక్క మర్నాడు మిషన్ దగ్గర బరువు తూచినప్పుడు తేలుతుంది. ఇంటిల్లిపాదీ ఉప్పు కొంచెం తగ్గించి, కావాల్సినవాళ్లు కంచంలో వేసుకునేట్టు చేసుకున్న ఇళ్లలో ఈ గొడవ చాలా తగ్గుతుంది. ఆ ఇంట్లో బీపీ ఉన్న ఇంకో ఇద్దరికి కూడా అది మేలే.

చేపల పులుసు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నెల్లూరు మనిషికి ‘ఇక చేపల పులుసు లేదు’ అని చెబితే అతను విన్నది ఆహార నియమం కాదు, శిక్ష. నిజానికి మొత్తం మానేయమని అందరికీ చెప్పరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రోటీన్ తగ్గకూడదు, మిషన్‌లో కొంత పోతుంది కూడా. చేప ముక్క ఆ లోటు తీరుస్తుంది. తంటా అంతా పులుసుతోనే: ఉప్పు, చింతపండు, టమాటా, మామిడికాయ ముక్క, పైగా అది ద్రవం. ముక్క తిని పులుసు వేలికి అంటినంత సరిపెట్టుకోవచ్చా, ఏ చేప ఎంత, వారానికి ఎన్నిసార్లు అన్నది పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్టు చూసి డైటీషియన్ చెప్పాల్సిన మాట. విషయం ఏమిటంటే, అడగాలి. ‘ఏం తినకూడదు’ అని అడిగి వచ్చేవాళ్లే గానీ, ‘నాకు ఇష్టమైనది ఎట్టా తినొచ్చు’ అని అడిగేవాళ్లు తక్కువ. రెండో ప్రశ్నకు దొరికే జవాబుతో ఆదివారం మధ్యాహ్నం అనేది మళ్లీ ఒకటి ఏర్పడుతుంది.

కీమో తీసుకునేవాళ్ల విషయంలో ఇష్టమైన తిండి గురించి సరిగ్గా తలకిందులుగా ఆలోచించాలి. 1978లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు కీమోకు ముందు పిల్లలకు ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి చూశారు. వాంతులు తెప్పించే మందు పడ్డ పిల్లల్లో చాలామంది ఆ తర్వాత అదే ఐస్‌క్రీమ్ ముట్టలేదు. వికారానికి కారణం మందేనని బుద్ధికి తెలిసినా, నాలుక మాత్రం తిన్నదాని మీద నేరం వేస్తుంది. అందుకని కీమో రోజు ‘పాపం, ఇష్టంగా తింటాడు’ అని అమ్మ చేతి పులుసు, మలై కాజా తెచ్చి పెట్టడం అంత మంచి పని కాదు. ఒక ప్రాణమైన రుచి జీవితాంతం పోవచ్చు. ఆ రోజుకు పోయినా బాధలేని సాదా తిండి చాలు. ఇష్టమైనవి వికారం పూర్తిగా తగ్గిన రోజులకు దాచిపెట్టుకోవాలి. ఆసుపత్రి గేటు కనపడగానే కొందరికి కడుపులో తిప్పడమూ ఇలాంటిదే. అది పిరికితనం కాదు, శరీరం నేర్చుకున్న పాఠం. ముందుగా చెబితే డాక్టర్లు దానికీ మాత్ర ఇవ్వగలరు.

తిండి గొడవ లేని మిగతా విజిట్లకు ఇంకో పరిశోధన పనికొస్తుంది. 1996లో రెడెల్మయర్, కానెమాన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దపేగు పరీక్ష చేయించుకుంటున్నవాళ్లను నిమిషం నిమిషానికీ నొప్పి ఎంతో అడిగి రాసుకున్నారు. తర్వాత ఆ అనుభవం ఎలా ఉందని అడిగితే, పరీక్ష ఎంతసేపు సాగిందన్నది దాదాపు లెక్కలోకే రాలేదు. నొప్పి బాగా ఎక్కువైన క్షణం, చివరి కొద్ది నిమిషాలు, ఈ రెండే జ్ఞాపకాన్ని నిర్ణయించాయి. ఈ కానెమాన్‌కే 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన ఆసుపత్రి రోజుల్లో చివరి నిమిషాలు ఎలా ఉంటాయో చూడండి: బిల్లింగ్ కౌంటర్ దగ్గర చిల్లర గొడవ, మందుల షాపులో ‘ఈ మాత్ర లేదు, సాయంత్రం రండి’, ఎండలో ఆటో బేరం. ఇంటికి తీసుకెళ్లే జ్ఞాపకం అదే. బిల్లు, మందుల పని తోడు వచ్చినవాళ్లు చూసుకుని, రోగి మాత్రం ట్రంకు రోడ్డులో ఒక చల్లని హోటల్లో కూర్చుని, ఒంటికి పడితే కారం దోశ, పడకపోతే రెండు ఇడ్లీ తిని బండెక్కే ఏర్పాటు చేసుకుంటే, వచ్చేసారి బయల్దేరేటప్పుడు కాళ్లు అంత బరువుగా ఉండవు. డబ్బు దండగ అనిపించే పెద్దవాళ్లకు దీన్ని కూడా చీటీలో రాసిన మందుగా చెప్పి ఒప్పించాలి.

క్యాన్సర్ ఇళ్లలో కులాసాకు అడ్డం వచ్చేది వేరే ఉంది. జబ్బు పేరు రోగికి చెప్పరు. గడ్డ అంటారు, ఇన్ఫెక్షన్ అంటారు, ‘చిన్న ఆపరేషన్’ అంటారు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి చెన్నైలో దిగొచ్చు కాబట్టి ఈ జిల్లాల నుంచి చాలామంది అక్కడికే పోతారు. అడయార్‌లో 1954లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి పేరు ఇక్కడ తెలియని ఇల్లు తక్కువ. ‘అడయార్ తీసుకుపోతున్నారంట’ అంటే వీధిలో ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వీధికంతటికీ తెలిసింది రోగికి తెలియదని కొడుకులు నమ్ముతారు. తనకు తెలుసన్న సంగతి కొడుకులకు తెలియకూడదని రోగి నటిస్తాడు. రైల్లో అందరూ నవ్వుతుంటారు, ఎవరి నవ్వూ నిజం కాదు. అలాంటి ప్రయాణంలో అలసట వైద్యం వల్ల కంటే నటన వల్ల ఎక్కువ వస్తుంది.

అందరికీ అన్నీ మొహం మీద చెప్పేయాలని కాదు. కొందరు నిజంగానే వివరాలు వద్దంటారు, అది వాళ్ల హక్కు. కానీ ‘నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?’ అని అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఆ ఒక్క ప్రశ్న అడిగిన ఇళ్లలో తర్వాత జోకులు కూడా వస్తాయి. జుట్టు రాలిన తాత మనవడితో ‘తిరుపతి పోకుండానే మొక్కు తీరింది రా’ అనగలడు. నిజం బయటపడని ఇంట్లో ఆ జోకు వేయడానికే వీల్లేదు, ఎందుకంటే జుట్టు ఎందుకు రాలిందో ఎవరూ ఒప్పుకోరు.

డయాలసిస్ యూనిట్లో ఆ ఇబ్బంది లేదు. అక్కడ అందరికీ అందరి జబ్బూ తెలుసు. ఒకే షిఫ్టులో, దాదాపు అవే బెడ్ల మీద, అవే ముఖాలు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎంత బరువు పెరిగారన్నది తూకం దగ్గర అందరి ముందే తేలుతుంది. ‘మూడు కిలోలు తెచ్చినావా అన్నా! ఇంట్లో ట్యాంకర్ గానీ నిలబెట్టినావా ఏంది?’ అని పక్క బెడ్డు మనిషి అన్నప్పుడు వచ్చే నవ్వును ఏ కౌన్సెలింగూ ఇవ్వలేదు. ఆ మాటే ఆరోగ్యంగా ఉన్న బావమరిది అని ఉంటే గొడవ అయ్యేది. కొత్తగా వచ్చినవాళ్లకు రోజూ పొద్దున ఫిస్టులా మీద వేళ్లు పెట్టి లోపలి గుయ్‌మనే అదురు చూసుకోమని, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనీయొద్దని, బరువులు ఎత్తొద్దని చెప్పేదీ ఎక్కువగా పాతవాళ్లే. అలా చెప్పగలిగిన రోజు పాతమనిషి కూడా రోగిగా కాక, తెలిసినవాడిగా ఇంటికి పోతాడు.

ఈ స్నేహానికి ఒక ధర ఉంది. ఏదో ఒక సోమవారం పక్క బెడ్డు మీద వేరే మనిషి ఉంటాడు. స్టాఫ్ ఏమీ చెప్పరు, తోటివాళ్లు ఏమీ అడగరు. అలాంటి రోజున యూనిట్ అంతా మౌనంగా ఉంటుంది, ఉండనివ్వాలి. ఆ రోజు కూడా టీవీ పెట్టి హుషారు చేయాలని చూడటం మంచి ఉద్దేశమే కావచ్చు, మర్యాద మాత్రం కాదు.

డబ్బు మాట లేకుండా మనశ్శాంతి గురించి రాయడం అన్యాయం. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో అర్హత ఉన్నవాళ్లకు డయాలసిస్ ఉచితం. ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ 2024 నుంచి వస్తోంది. అయినా దారి ఖర్చులు, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం ఎవరూ ఇవ్వరు. ఒంగోలుకు పశ్చిమ ప్రాంతంలో ఈ భారం మరీ ఎక్కువ. దర్శి, పొదిలి, కనిగిరి నేలల్లో ఫ్లోరైడ్ కష్టం ఇప్పటిది కాదు. ఆ ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో వైద్య పత్రికకు ఎక్కింది. కీళ్ల నొప్పులు, కిడ్నీ జబ్బులు ఉన్న మనుషులకు పెద్ద ఆసుపత్రి ఇంకా బస్సు దూరంలోనే ఉంది. రైల్వే రాయితీ సంగతి చాలామందికి తెలియదు. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. డయాలసిస్‌కు, కిడ్నీ మార్పిడికి పోయేవాళ్లకు, తలసీమియా రోగులకు కూడా 75 శాతం ఉంది. ఆసుపత్రి నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ తీసుకుని స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. ఇలా మిగిలిన నాలుగు వందలు జేబులో ఉంటే తిరుగు ప్రయాణంలో మాటలు కలుస్తాయి.

ఎదురుచూసేందుకు ఒక తేదీ ఉండటం కూడా ముఖ్యం, కాకపోతే అది స్కాన్ తేదీ కాకూడదు. నెల్లూరువాళ్లకు అలాంటి తేదీ ఒకటి మొహర్రంతో పాటు వస్తుంది. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండగలో కోరిక ఉన్నవాళ్లు, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకుంటారు. పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, వాటితో పాటు ఆరోగ్య రొట్టె. కోరిక తీరితే మరో ఏడాది వచ్చి తను రొట్టె ఇవ్వాలి. హిందువులు, ముస్లింలు అన్న తేడా అక్కడ కనపడదు. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. ఏడాదంతా మందు, సాయం, జాలి ఇవన్నీ తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగని రోగికి, చెరువు నీళ్లలో, జనం మధ్య నిలబడి ఎవరికో ఆరోగ్య రొట్టె ఇచ్చే అవకాశం మామూలు విషయం కాదు. మెడ దగ్గర డయాలసిస్ క్యాథెటర్, ఛాతీలో కీమో గొట్టం ఉన్నవాళ్లు మాత్రం నీళ్లలో దిగకూడదు, ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది. గట్టు మీద నిలబడి తీసుకున్నా రొట్టె రొట్టే.

ఇంత చేసినా కొందరి ముఖంలో వెలుగు రాదు. దాన్ని స్వభావం అనుకునే ముందు రక్తపరీక్ష చూడాలి. కిడ్నీ రోగుల్లో, కీమో తీసుకునేవాళ్లలో హిమోగ్లోబిన్ పడిపోతే ఏ పని మీదా మనసు పోదు. స్టెరాయిడ్ మాత్రలు కొందరిని ఊరికే చిరాకు పెడతాయి, నిద్ర చెడగొడతాయి. థైరాయిడ్ తగ్గినా మనిషి దిగాలుగానే ఉంటాడు. ఇవన్నీ మందుతో సర్దుకునేవి. అవేవీ కాకుండా రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేక, ఇష్టమైనవాళ్లతో కూడా మాట పోక, ‘ఇక చాలు’ అనే మాట నోట వస్తుంటే అది డిప్రెషన్, దానికీ వైద్యం ఉంది. వాడే మందులతో గొడవ పడని మాత్రలు ఏవో డాక్టరుకు తెలుసు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకునే ఆలోచన వచ్చిన మనిషిని ఒంటరిగా వదలకూడదు.

తోడు మనిషి గురించి ఎవరూ అడగరు. రోగికి బెడ్డు ఉంటుంది, తోడు వచ్చినవాళ్లకు వరండా. ‘మీ ఆయనకు ఎట్టుంది?’ అనేవాళ్లే గానీ ‘నువ్వు తిన్నావా అక్కా?’ అనేవాళ్లు ఉండరు. ఎక్కువ ఇళ్లలో ఈ పని భార్య మీదో కోడలి మీదో పడి అక్కడే ఉండిపోతుంది. ఆమె ముఖం వాడిపోతే రోగి ముఖం వాడిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు, తన వల్లే కదా అని అతనికి ఇరవై నాలుగు గంటలూ తెలుసు. వంతులు వేసుకుంటే ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది. మంగళవారం కొడుకు, గురువారం మేనల్లుడు, శనివారం పక్కింటి రిటైర్డ్ మాస్టారు. మనిషి మారితే కబుర్లూ మారతాయి. పెళ్లాంతో మందుల మాట తప్ప ఏమీ మాట్లాడని పెద్దాయన మేనల్లుడు వస్తే ఒంగోలు గిత్తల పందేల గురించి నాలుగు గంటలూ వాదిస్తాడు, మిషన్ బీప్ కొట్టినా ఆపడు.